తిరుపతిలో నేషనల్ పార్క్ ఎక్కడుంది? శేషాచలం చిక్కుముడి

హైదరాబాద్ నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు దర్శనం అయ్యాక కిందికి దిగుతూ ఫోన్లో మ్యాప్ చూసి, "అన్నా, ఇక్కడేదో శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ అని చూపిస్తోంది, రైలుకి ఇంకా టైముంది కదా, పోయొద్దామా?" అన్నాడు. అప్పుడు మేం ఘాట్ రోడ్డు మలుపుల్లో ఉన్నాం. ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ, పిట్టగోడ మీద కోతులు, కనుచూపు మేరా అడవి. "ఇప్పుడు నువ్వు చూస్తున్నది అదేరా" అన్నాను. అన్నాక నాకే అనుమానం వచ్చింది. ఇది పార్కులోదా, టీటీడీదా, ఫారెస్టు వాళ్ళదా? తిరుపతిలోనే పుట్టి పెరిగినవాణ్ణి, ఎన్నిసార్లు మెట్లెక్కానో లెక్క కూడా లేదు, అయినా ఠక్కున చెప్పలేకపోయాను.

నా ఒక్కడి సంగతే కాదనుకుంటా. మనకి ఇది "కొండ". కొండకి పోయొచ్చాం అంటాం గానీ అడవికి పోయొచ్చాం అని ఎవరూ అనరు. రోజుకి 60 వేల నుంచి 80 వేల మంది ఒక పెద్ద అడవి నడిమధ్యకి వెళ్ళి, దాని ఊసే తలవకుండా లడ్డూలు పట్టుకుని తిరిగొచ్చేస్తారు. ఆ రాత్రి వాణ్ణి ఉండిపొమ్మన్నాను, టికెట్ మరుసటి రోజుకి మార్చుకున్నాడు. అప్పుడు వాడికి చెప్పినవీ, చెబుతూ నేను సరిచూసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేర్లు విడదీద్దాం

అన్నిటికంటే మామూలు పొరపాటు, జూని నేషనల్ పార్క్ అనుకోవడం. ఆటో ఎక్కి "నేషనల్ పార్క్" అంటే నేరుగా జూ గేటు ముందు దింపుతారు. కొండ కింద ఉన్న శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987లో మొదలైంది. విస్తీర్ణం 5,500 ఎకరాలకు పైనే, కాబట్టి దాన్ని అడవి అనుకున్నా తప్పు పట్టలేం. కానీ అక్కడ జంతువులు ఆవరణల్లో ఉంటాయి, మనం టికెట్ కొని చూస్తాం. నేషనల్ పార్క్ అది కాదు.

నేషనల్ పార్క్ అంటే అసలు అడవి. సుమారు 353 చదరపు కిలోమీటర్లు, ఉమ్మడి చిత్తూరు, కడప జిల్లాల మధ్య పరుచుకున్న శేషాచలం కొండల్లోని ముక్క. 1985లో ముందు ఇక్కడ అభయారణ్యం ప్రకటించారు, 1989లో అందులో లోపలి భాగం నేషనల్ పార్క్ అయింది. ఈ రెండు మాటలకీ చట్టంలో చాలా తేడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో పక్క ఊళ్ళవాళ్ళ పాత హక్కులు కొన్నిటిని, అంటే దారి, మేత లాంటివాటిని, కొనసాగనివ్వచ్చు. నేషనల్ పార్కులో ఆ వెసులుబాటు లేదు. మేకల్ని లోపలికి తోలినా నేరమే. ప్రభుత్వ తెలుగులో దీనికి "జాతీయ ఉద్యానవనం" అని ఒక పేరు పెట్టారు చూడండి, అది వింటే సిమెంటు బెంచీలు, ఉయ్యాలలు, సాయంత్రం పల్లీలమ్మే మనిషి కళ్ళ ముందుకొస్తారు. సగం గందరగోళం ఆ పేరులోనే ఉందని నా అనుమానం.

ఇది చాలదన్నట్టు 2010 సెప్టెంబర్‌లో కేంద్రం శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ అని ప్రకటించింది. ఇది చాలా పెద్దది, 4,755 చదరపు కిలోమీటర్లకు పైనే. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే మొదటిది. దీంట్లో మూడు వలయాలుంటాయి. నడిమధ్య సుమారు 750 చదరపు కిలోమీటర్లు గట్టిగా కాపాడే భాగం, దాని చుట్టూ కొంత వెసులుబాటు ఉన్న అడవి, ఆ పైన ఊళ్ళు, పొలాలు కూడా కలిసిన వలయం. అంటే రిజర్వ్ లోపల మామిడి తోటలుంటాయి, బడులుంటాయి, కల్యాణ మండపాలు కూడా ఉంటాయి. వన్యప్రాణి చట్టంలో ఈ బయోస్ఫియర్ అన్న మాటే లేదు, ఇది పథకం కింద ఇచ్చిన హోదా. "యునెస్కో గుర్తించింది" అని వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డ్ కూడా నిజం కాదు, యునెస్కో జాబితాలో మన దేశం నుంచి కొన్ని ఉన్నాయి గానీ శేషాచలం లేదు.

ఇక వీటన్నిటి నడుమ తిరుమల ఊరు ఒక దీవిలా ఉంటుంది. గుడి, ఊరు, రోడ్లు, నడకదారులు, చుట్టూ కొంత అడవి టీటీడీ చేతిలో ఉన్నాయి. టీటీడీకి సొంతంగా అటవీ విభాగమే ఉంది. కాబట్టి మా తమ్ముడికి నేను చెప్పాల్సిన జవాబు ఇది: రోడ్డు మీద ఉన్నంతసేపు దేవస్థానం మనుషుల లెక్కలో ఉన్నావు, కాస్త లోపలికి దిగితే ఫారెస్టు వాళ్ళ లెక్కలోకి వెళ్తావు, ఆ మధ్యలో గీతేమీ కనపడదు. చిరుతకైతే అసలే కనపడదు, దాని సంగతి తర్వాత వస్తుంది.

కొండలో ఒక అతుకు ఉంది

ఈ కొండ గురించి ఒక్కటే చెప్పమంటే నేను రాయి గురించి చెబుతాను, మిగతావన్నీ దాని మీద నుంచే పుట్టాయి కాబట్టి.

తిరుపతి ఊళ్ళో ఎక్కడైనా కాస్త ఎత్తులో నిలబడి ఉత్తరం వైపు చూస్తే కొండ రెండు అంతస్తులుగా కనిపిస్తుంది. కింది అంతస్తు వాలుగా, గుండ్లు గుండ్లుగా, పొదలతో ఉంటుంది. పైది నిట్టనిలువు గోడ, ఎర్రగా, పలకల మీద పలకలు పేర్చినట్టు. కింద ఉన్నది గ్రానైటు జాతి పాత రాయి, వయసు 250 కోట్ల ఏళ్ళ లెక్కలో చెబుతారు. పైన ఉన్నది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి లోతులేని సముద్రపు ఇసుక గట్టిపడి గట్టిపడి రాయైపోయింది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు పక్కనున్న నగరి కొండల పేరు మీద దీనికి నగరి క్వార్ట్‌జైట్ అని పేరు పెట్టాడు. ఈ పై రాతిలో కొన్ని పలకల మీద నీటి అలలు ఇసుకలో గీసిన గీతలు ఇప్పటికీ అలాగే ఉంటాయి, మైపాడు బీచిలో నీళ్ళు వెనక్కి పోయాక ఇసుక మీద చూస్తామే, అచ్చం అవే.

కింది రాయికీ పై రాయికీ నడుమ సుమారు 80 కోట్ల ఏళ్ళు గల్లంతయ్యాయి. అంటే కింది రాయి తయారై, పైకి తేలి, ఎండకీ వానకీ అరిగి చదునయ్యాక, ఎంతో కాలానికి గానీ దాని మీద ఇసుక పేరుకోలేదు. పుస్తకంలో నడుమ పేజీలు చింపేసి మళ్ళీ కుట్టినట్టు. ఈ అతుకుని భూగర్భ శాస్త్రజ్ఞులు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. ఘాట్ రోడ్డు వేయడానికి కొండని కోసినప్పుడు అది ఇంకా బాగా బయటపడింది. బస్సులో వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది అక్కడికి వచ్చేసరికి గోవిందలు కొడుతుంటారు, లేదా కళ్ళు తిరిగి కిటికీకి తల ఆనించుకుని ఉంటారు.

పైన, గుడికి ఒక కిలోమీటరు దూరంలో శిలాతోరణం ఉంది. అదీ క్వార్ట్‌జైటే, దాదాపు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, గాలీ నీరూ చెక్కిన తోరణం. శాస్త్రజ్ఞుల దృష్టికి 1980ల్లో వచ్చింది. స్వామి మొదటి అడుగు శ్రీవారి పాదాల దగ్గర, రెండో అడుగు శిలాతోరణం దగ్గర, మూడో అడుగు ఇప్పుడున్న గుడిలో వేశాడని పెద్దలు చెప్పేది మనందరికీ తెలిసిందే. అక్కడ బోర్డు మీద భూగర్భ శాస్త్రమూ ఉంటుంది, బోర్డు పక్కన దండం పెట్టుకునేవాళ్ళూ ఉంటారు, ఇద్దరికీ గొడవేం రాలేదు ఇప్పటిదాకా.

శేషాచలం అన్న పేరు సంగతీ అంతే. ఆదిశేషుడి తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అంటారు. మ్యాప్ తెరిచి చూస్తే శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, నల్లమల ఒకదాన్నొకటి పట్టుకుని నెలవంకలా వంగి ఉంటాయి. ఇవన్నీ కడప బేసిన్ అనే పాత సముద్రపు పళ్ళెం అంచుల్లో మడతలు పడిన రాళ్ళు. విమానం గానీ శాటిలైట్ గానీ లేని రోజుల్లో కాలినడకన తిరిగినవాళ్ళకి ఆ పాము వంపు ఎలా పట్టుబడిందో నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

సరే, రాయితో మనకేం పని అంటారా? క్వార్ట్‌జైట్ గట్టిది, కానీ నిండా పగుళ్ళు. వాన పడితే నీళ్ళు ఆ పగుళ్ళలోకి దిగి, నిదానంగా కొండ పక్కల నుంచి ఊటలుగా బయటికొస్తాయి. ఆకాశగంగ, పాపవినాశనం, తుంబురు తీర్థం, కుమారధార, కింద కపిలతీర్థం, అటు తలకోన, గుండాలకోన, అన్నీ ఇలాంటి నీళ్ళే. మా వైపు "కోన" అంటే రెండు కొండల నడుమ నీళ్ళున్న ఇరుకు లోయ, అంతే. అలా నీళ్ళు దొరికాయి కాబట్టి 850 మీటర్ల ఎత్తున ఒక గుడి, ఒక ఊరు నిలబడ్డాయి. కల్యాణి, స్వర్ణముఖి లాంటి ఏర్లు నిండేదీ ఈ కొండల మీద పడిన వానతోనే. ఇక ఆ రాతి మీద మట్టి జానెడు కూడా ఉండదు. ఆ జానెడు మట్టిలో, ఎండలో, రాళ్ళ నడుమ మాత్రమే బాగా పెరిగే చెట్టొకటి ఉంది.

ఎర్రచందనం

మొదటిసారి దగ్గర్నుంచి చూసినవాళ్ళు చాలామంది నిరాశపడతారు. సినిమాలు చూసి ఏదో ఊహించుకుంటాం కదా. మామూలు చెట్టు. బెరడు నల్లగా, నెర్రెలిచ్చి, చిన్న చిన్న పలకలుగా, మొసలి వీపులా ఉంటుంది. ఆకు మూడేసి రెబ్బలు. కాయ గుండ్రంగా పల్చగా, నడుమ గింజ ఉబ్బి, చుట్టూ రెక్క, చిన్న అప్పడంలా ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది. బెరడు మీద గాటు పడితే మాత్రం ఎర్రటి జిగురు కారుతుంది, రక్తచందనం అన్న పేరు ఊరికే రాలేదు. విలువంతా లోపలి చేవలో ఉంది. ఆ చేవ ముక్క నీళ్ళలో వేస్తే తేలదు, రాయిలా మునుగుతుంది.

ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే, అంటే కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు వైపు కొండల్లోనూ, ఆనుకుని ఉన్న తమిళనాడు కొసలో కాస్తానూ. ఇంకెక్కడ నాటినా బతుకుతుంది గానీ, రాతి నేలలో నీళ్ళకి ముఖం వాచి నిదానంగా పెరిగినదానికి వచ్చే చేవ మంచి నేలలో పెరిగినదానికి అంత తేలిగ్గా రాదు. సంవత్సరాలు పడుతుంది, పదులలో.

ఒకప్పుడు దీన్ని కొన్నది రంగు కోసం. మద్రాసు రేవు నుంచి యూరప్‌కి బట్టల అద్దకానికి వెళ్ళేది. రసాయన రంగులు వచ్చాక ఆ గిరాకీ పోయింది. మన ఇళ్ళలో మిగిలింది అరగదీసి మొహానికి రాసుకునే ముక్క, పెళ్ళిళ్ళలో ఇచ్చే తిరుపతి చెక్క బొమ్మల జంట, అంతే. మా అమ్మమ్మ పెట్టెలో అలాంటి జంట ఒకటి ఉండేది, రాజు ముక్కు అరిగిపోయి, రాణి మాత్రం బాగానే ఉండేది, పసిపిల్లలకి ఒంటి మీద వేడి పొక్కులొస్తే ఆ రాజునే సానరాయి మీద అరగదీసేది కాబట్టి.

తర్వాత గిరాకీ తూర్పు నుంచి వచ్చింది. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యం మెడని ఈ చెక్కతో చేస్తారు, అలల్లాంటి గీతలున్న చేవ అయితే మరీ ఇష్టం. చైనాలో రాజుల కాలపు ఫర్నిచర్ మోజు డబ్బున్నవాళ్ళలో మళ్ళీ పెరిగింది. టన్ను ధర లక్షల్లోకి వెళ్ళింది. 1995లో అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం, సైటీస్ అంటారే, దాని రెండో జాబితాలోకి ఈ చెట్టు చేరింది. అడవి చెట్టుని కొట్టి ఎగుమతి చేయడం నిషేధం. పట్టుకున్న దుంగల్ని మాత్రం ప్రభుత్వమే వేలం వేస్తుంది. రైతు తన పట్టా భూమిలో పెంచుకోవచ్చు, కొట్టడానికి మాత్రం అనుమతులు కావాలి.

ఇక్కడ ఒక లెక్క చూడండి. చెట్టు ఉన్నది ఒక్క చోటే, కొనేవాడు వేల కిలోమీటర్ల దూరంలో, మధ్యలో కొండ, రోడ్డు, రేవు. అడవిలోకి దిగి గొడ్డలి పట్టేది ఎవరు? ఎక్కువగా తమిళనాడులోని జవ్వాది కొండల నుంచి, ఆ చుట్టుపక్కల నుంచి వచ్చే పేద గిరిజన కూలీలు. మేస్త్రీ అనేవాడు అడ్వాన్సు ఇచ్చి తీసుకొస్తాడు. బియ్యం, ఉప్పు, మిరపకాయలు మూట కట్టుకుని రోజుల తరబడి అడవిలో ఉంటారు. చెట్టు కొట్టి, బెరడూ తెల్ల చెక్కా చెక్కేసి, ఎర్రటి దుంగ ఒక్కటే భుజాన వేసుకుని రాత్రిళ్ళు దిగుతారు. రోడ్డు దాకా తెస్తే అక్కడ వాహనం, దాని ముందు దారి చూసే ఇంకో బండి. పేపర్లో వచ్చే "ఎర్ర కూలీల అరెస్టు" వార్తలో ఉండేది ఈ మొదటి మెట్టువాడే, పై మెట్లవాళ్ళ పేర్లు ఎప్పుడో గానీ రావు.

2013 డిసెంబర్‌లో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారుల్ని చంపేశారు. ఆ తర్వాత ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ వచ్చింది, కూంబింగులు పెరిగాయి. 2015 ఏప్రిల్ 7న జరిగిన పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు, అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళే. అది నిజమైన ఎదురుకాల్పులేనా అన్న ప్రశ్న మానవ హక్కుల కమిషన్ దాకా, కోర్టుల దాకా వెళ్ళింది. చెట్టుని కాపాడడం అన్న మాట వినడానికి ఎంత మెత్తగా ఉంటుందో, అడవి లోపల అది అంత మొరటుగా ఉంటుంది. ఫారెస్టు గార్డు జీతం ఎంతో, అతని చేతిలో ఏముంటుందో చూసినవాళ్ళకి ఆ ఉద్యోగం మీద ఈర్ష్య పుట్టదు. జవ్వాది కొండల్లో పనుల్లేని ఊళ్ళ సంగతి తేలకుండా శేషాచలంలో కాపలా ఎంత పెంచినా చెట్టు నిలుస్తుందని నాకు నమ్మకం లేదు.

అన్యాయమేంటంటే, ఒక్క చెట్టు పేరు మోగిపోయి మిగతావి మరుగునపడ్డాయి. సైకస్ బెడ్డోమీ అని ఈతచెట్టులా కనిపించే ఒక చిన్న మొక్క ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఎర్రచందనం సైటీస్ రెండో జాబితాలో ఉంటే ఇది మొదటి జాబితాలో, అంటే ఇంకా గట్టి కాపలాలో ఉంది. కొండ సాంబ్రాణి చెట్టు ఉంది, తెల్ల కరక ఉంది, మొగి ఉంది. రాతి సందుల్లో బంగారు బల్లి ఉంది. 1870లో బెడ్డోమ్ అనే మద్రాసు అటవీ అధికారి దాన్ని మొదట వర్ణించాడు, ఆ మొక్క పేరులో ఉన్నదీ ఆయనే. తర్వాత వందేళ్ళకు పైగా ఎవరి కంటా పడలేదు, 1980ల్లో మళ్ళీ ఈ తిరుమల కొండల్లోనే దొరికింది. నీటి ఊటల దగ్గర చీకటి బండల్లో ఉంటుంది. గుడ్లు గుంపుగా రాతికి అతికించి పెడుతుంది, ఎవరో తెల్ల బఠాణీలు జిగురుతో వరసగా అంటించినట్టు.

నడక, రోడ్డు, చిరుత

కొండకి దారుల చరిత్ర చూస్తే అడవి ఎప్పుడు కొండగా మారిపోయిందో తెలుస్తుంది. తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) రాజంపేట వైపు నుంచి వచ్చినవాడు, కుక్కలదొడ్డి దగ్గర అడవిలోకి ఎక్కే దారిని ఇప్పటికీ అన్నమయ్య మార్గం అంటారు. అలిపిరి వైపు మెట్లు, గాలిగోపురం 17వ శతాబ్దంలో సిద్ధవటం మట్లి రాజుల చలవ. ఇప్పుడు అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. చంద్రగిరి వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు పొట్టిది, నిలువుది, 2,388 మెట్లు. అలిపిరి దారిలో మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఎంత మొనగాడైనా మోకాళ్ళ మీద చేతులు వేస్తాడు, పేరు పెట్టినవాళ్ళు చూసే పెట్టారు.

1944 దాకా ఇంతే, నడవాలి లేదా డోలీ. ఆ ఏడాది ఏప్రిల్లో మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకుంది, మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రారంభించాడు, మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపకల్పన అంటారు. అందులో 36 హెయిర్‌పిన్ మలుపులు. 1974లో రెండోది వచ్చాక పాతది దిగడానికి, కొత్తది ఎక్కడానికి అయ్యాయి. అంతకు ముందు కొండ ఎక్కడానికి సగం రోజు, ఆ సగం రోజూ అడవిలో. ఇప్పుడు ముప్పావు గంట, అదీ అద్దం వెనక. అడవి మన ప్రయాణంలోంచి జారిపోయింది అక్కడే.

అయితే అడవి మాత్రం ఎక్కడికీ పోలేదు. 2023 జూన్‌లో అలిపిరి దారిలో ఒక మూడేళ్ళ బాబుని చిరుత పట్టుకుపోబోయింది, బతికాడు. ఆగస్టులో ఆరేళ్ళ పాప చనిపోయింది. ఆ తర్వాత బోన్లు పెట్టి వరసగా చిరుతల్ని పట్టారు, మధ్యాహ్నం 2 దాటాక పిల్లల్ని ఆ దారిలో పంపకూడదన్నారు, గుంపులుగా నడవమన్నారు, చేతికర్రలు కూడా పంచారు. కర్రల మీద సోషల్ మీడియాలో జోకులు పేలాయి. నిజానికి కర్ర చిరుతని కొట్టడానికి కాదు, చేతిలో ఏదో ఉన్న మనిషి, నిటారుగా గుంపులో నడిచే మనిషి చిరుత కంటికి తేలికైన వేట కాదు, అదీ లెక్క. జోకులేసినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఒప్పుకుంటున్నా.

చిరుత ఎందుకొస్తుంది? మనిషి కోసం కాదు. నడకదారి పొడుగునా తినుబండారాల కొట్లు, కొట్ల వెనక చెత్త, చెత్త చుట్టూ కుక్కలు, పందులు. దుప్పికి కీరా ముక్కలు పెట్టి ఫొటో దిగే భక్తులు. అంటే తొమ్మిది కిలోమీటర్ల పొడుగునా చిరుతకి మనమే విందు పరిచాం. సాయంత్రం చీకటి పడే వేళ అదే ఎత్తులో, దుప్పి పిల్ల అంత ఉన్న పిల్లవాడు ముందు పరుగెత్తుతుంటే దానికి తేడా ఏం తెలుస్తుంది? బోనులో పట్టి తీసుకెళ్తే ఆ జాగా ఖాళీ ఉండదు, ఇంకో చిరుత వస్తుంది. అటు గుండాలకోన దారిలో 2025 శివరాత్రికి ముందు ఏనుగుల దాడిలో భక్తులు చనిపోయారు. అక్కడా సంగతి అదే, అడవిదారిని గుడిదారి అనుకుని రాత్రిపూట నడవడం.

మంచి కూడా చెప్పాలి. దేవుడి కొండ కాబట్టే ఇక్కడ గనులు తవ్వలేదు, పెద్ద ఫ్యాక్టరీలు రాలేదు, చుట్టూ ఉన్న రాయలసీమ కొండలు ఎన్నో బోడిగుండ్లయినా ఇది పచ్చగా ఉంది. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు ఆపేశారు. అదే సమయంలో పచ్చదనం పేరుతో ఒకప్పుడు ఆస్ట్రేలియా తుమ్మ నాటిందీ ఈ కొండ మీదే, ఇప్పుడు దాన్ని తీసేసి ఇక్కడి చెట్లే పెంచాలంటున్నారు. 2014 మార్చిలో కొండ తగలబడినప్పుడు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఎండాకాలానికి బోదగడ్డి ఎండి కొబ్బరిపీచులా అయిపోతుంది, దానికి బీడీ ముక్క చాలు. కాపాడిందీ జనమే, కంగారు పెడుతున్నదీ జనమే, ఈ ముడి విప్పడం నా వల్ల కాదు.

మరి చూడాలంటే ఎట్లా?

మా తమ్ముడు అడిగిన అసలు ప్రశ్న ఇదే. నేషనల్ పార్క్ లోపల ఇష్టమొచ్చినట్టు తిరగడానికి లేదు. జనానికి తెరిచి ఉన్నది ముఖ్యంగా తలకోన. 270 అడుగుల జలపాతం, దారిలో సిద్ధేశ్వరస్వామి గుడి, మనిషి నడుమంత లావున చెట్ల మీదుగా పాకిన గిల్లతీగలు. మామండూరులో ఫారెస్టు వాళ్ళ వసతి ఉంది. తీర్థాలు చూడాలంటే వాటి ముక్కోటి రోజులు పట్టుకోవాలి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. ఆ ఒక్కరోజు అడవిలోకి వేలమంది నడుస్తారు, దారిలో పులిహోర, మజ్జిగ పంచుతారు. ఫాల్గుణంలో వెళ్ళండి, నీళ్ళు తగ్గుతాయి గానీ తుంబురు కోనలో రెండు రాతి గోడల మధ్య నడుస్తుంటే పైన ఆకాశం ఒక రిబ్బను ముక్కంత కనిపిస్తుంది.

నీళ్ళు చూడాలంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. మనకి ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువ. కానీ ముసురు పట్టినప్పుడు రావద్దు. 2021 నవంబర్‌లో కపిలతీర్థం దగ్గర కొండ మీద నుంచి బురద నీళ్ళు దూకిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. డిసెంబర్ 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడ్డాయి. ఇందాక చెప్పిన క్వార్ట్‌జైట్ పగుళ్ళే, ఊట ఇచ్చేదీ అవే, బండని వదిలేసేదీ అవే.

మరుసటి రోజు సాయంత్రం మా వాణ్ణి రైలెక్కించడానికి వెళ్ళాను. ఇంకా ఇరవై నిమిషాలుంది. ప్లాట్‌ఫారాలు దాటే వంతెన మీద నిలబెట్టి, కొండ వైపు తిప్పి, వేలు చాపమన్నాను. "పైనుంచి మెల్లగా కిందికి దించు. రాయి ఎక్కడ మారిందో అక్కడ ఆపు." మొదటిసారి చెట్ల దగ్గర ఆపాడు. రెండోసారి ఘాట్ రోడ్డు గోడ దగ్గర. ఎండ వాలి గోడంతా ఎర్రబడింది, కింద వాలు నల్లబడుతోంది. మూడోసారి వేలు ఆగిన చోటు చూసి, "అక్కడే" అన్నాను. వాడు వేలు తియ్యకుండా, "అయితే ఈ సందులో 80 కోట్ల ఏళ్ళా అన్నా?" అన్నాడు. వెనక సామాన్లతో దిగుతున్నవాళ్ళు, ఏదో గోపురం కనిపిస్తోందనుకుని, వాళ్ళూ ఆగి అటే చూశారు.